జూమ్ చేసిన నేరమేమిటి?

షార్ట్ ఫిల్మ్ తీద్దామని బయల్దేరినవాళ్లకు కథ గురించి సలహా చెప్పేవాళ్లు తక్కువ, లెన్స్ గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది. అందరిదీ ఒకే మాట: ప్రైమ్ లెన్సుల (ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండేవి) సెట్ అద్దెకు తెచ్చుకో, జూమ్ పెట్టావంటే పెళ్లి వీడియోలా ఉంటుంది. ఈ వారం వరసపెట్టి చూసిన కొత్త షార్ట్ ఫిల్ములు ఆ సలహాను తు.చ. తప్పకుండా పాటించాయి. ప్రతిదాంట్లోనూ ముఖం ఒక్కటే స్పష్టంగా ఉంది, వెనకంతా మసక. మాటలు మాత్రం నూతిలోంచి వస్తున్నట్టున్నాయి. చేతిలో ఉన్న కాస్త డబ్బూ ఎటు పోయిందో, ఎటు వెళ్లాల్సింది వెళ్లలేదో చూడగానే తెలిసిపోతోంది, బాధేస్తోంది. నా మాట ముందే చెప్పేస్తాను. కెమెరా పక్కన ఇద్దరు ముగ్గురికి మించి మనుషుల్లేకుండా, నాలుగైదు రోజుల్లో ముగించాల్సిన సినిమాకు మంచి జూమ్ లెన్స్ ఒక్కటి చాలు. నాలుగు ప్రైమ్‌ల సెట్ దానికి మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తుంది.

జూమ్ మీద ఈ చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. డెబ్భైల్లో, ఎనభైల్లో మన సినిమాల్లో ఎవరికి కోపమొచ్చినా, భయమేసినా కెమెరా ఒక్క ఊపున ముఖం మీదికి దూకేది. ఆ దూకుడు మీద పుట్టిన విసుగు లెన్స్ నెత్తిన పడింది. షాట్ మధ్యలో జూమ్ చేయడం వేరు, జూమ్ లెన్స్ వాడటం వేరు. 35 ఎం.ఎం. దగ్గర రింగు ఆపి, కదపకుండా షాట్ తీస్తే అది జూమ్‌తో తీశారని ప్రేక్షకుడు కనిపెట్టలేడు. పెళ్లి వీడియో అన్న ఎత్తిపొడుపూ అన్యాయమే. తాళి కట్టే క్షణానికి రెండో టేక్ ఉండదు, లెన్స్ మార్చుకునే తీరికా ఉండదు. ఆ పరిస్థితిలో పని జరిపించే లెన్స్‌ను, అలాంటి పరిస్థితుల్లోనే షూటింగ్ చేసేవాళ్లు వెలివేయడంలో అర్థం లేదు.

ప్రైమ్ గొప్పదనం చెప్పేవాళ్లు తరచూ బయటకు తీసే సాక్ష్యం స్టాన్లీ కుబ్రిక్ ‘బారీ లిండన్’ (1975). నాసా కోసం జైస్ కంపెనీ తయారుచేసిన 50 ఎం.ఎం. ఎఫ్ 0.7 లెన్స్‌తో కొవ్వొత్తుల వెలుగులో తీసిన దృశ్యాలవి. నిజమే, అద్భుతం. కానీ ఆ దృశ్యాల్లో ఫోకస్ లోతు ఎంత తక్కువంటే నటులు దాదాపు కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. వాళ్లు ముందుకు వంగారో వెనక్కి జరిగారో తెలియడానికి పక్క నుంచి ఒక వీడియో కెమెరా పెట్టి, ఫోకస్ సరిచేసే మనిషి (ఫోకస్ పుల్లర్) దాని తెర చూస్తూ పనిచేశాడు. అంత హంగు మనకెక్కడిది? పైగా అదే సినిమాలో కుబ్రిక్ పదే పదే వాడింది జూమ్. ఒక చెయ్యి మీదో, పిస్తోలు మీదో మొదలై మెల్లగా వెనక్కి జరిగి చెట్లు, ఆకాశం, మేడలన్నీ ఫ్రేములోకి తెచ్చే షాట్లు ఆ సినిమా నడకకే ఆయువుపట్టు. సత్యజిత్ రే కూడా ‘చారులత’ (1964)లో, భర్త తనను గమనించకుండా సాగిపోయాక చారు చేతి కళ్లద్దాలు దించగానే జూమ్‌తోనే ఆమెను ఒంటరిని చేశాడు.

అవి పెద్దవాళ్ల సినిమాలు, మన గోల వేరు అంటారా? ఇటాలియన్ దర్శకుడు రాబర్టో రోసెల్లినీని చూడండి. 1966లో ఫ్రెంచ్ టెలివిజన్ కోసం, పద్నాలుగో లూయీ రాజ్యాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకున్న కథ తీశాడు. టీవీ బడ్జెట్, టీవీ తొందర. టేక్ నడుస్తుండగానే పాన్‌సినోర్ జూమ్‌ను దూరం నుంచి తానే తిప్పేలా ఏర్పాటు చేసుకుని, క్లోజప్పులూ మిడ్ షాట్లూ విడివిడిగా తీయకుండా ఒకే పొడవాటి షాట్‌లో రాబట్టాడు. రాజు వేషం వేసినాయన వృత్తి నటుడు కాదు. మాటలు గుర్తుండక నల్లబల్ల మీద రాసినవి చూసి చెప్పాడు. మన చిన్న సినిమాల పరిస్థితీ ఇదే: కొత్త నటులు, తక్కువ రోజులు, అరువు ఇళ్లు. ప్రైమ్ సెట్ అంటే మాటిమాటికీ లెన్స్ మార్చడం. మార్చడమంటే చేతిలో పట్టుకుని తిప్పేయడం కాదు. సెన్సర్ మీద దుమ్ము పడకుండా చూసుకోవాలి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ విప్పి కొత్త లెన్స్‌కు బిగించాలి, గింబల్ మీద ఉంటే బరువు మళ్లీ సరిచూడాలి, ఫోకస్ మార్కులు మళ్లీ పెట్టుకోవాలి. చేయి తిరిగినవాళ్లకు ఐదు నిమిషాలనుకున్నా, రోజుకు పదిహేను సార్లు మారిస్తే గంటంబావు పోయింది. ఆ గంటంబావులో సాయంత్రం ఎండ వెళ్లిపోతుంది, మొదటిసారి నటిస్తున్న పెద్దావిడ మూడ్ కూడా వెళ్లిపోతుంది.

వెలుతురు మాటేమిటని అడుగుతారు. గట్టి ప్రశ్నే. ఎఫ్ 1.4 ప్రైమ్, ఎఫ్ 2.8 జూమ్ కన్నా నాలుగింతలు వెలుతురు తీసుకుంటుంది. కానీ ఆ తేడా రెండు స్టాపులే. 800 ఐఎస్ఓ సరిపోయే చోట 3200 పెట్టాలి, ఇవాళ్టి కెమెరాలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. 2013లో సిగ్మా ఏపీఎస్-సీ కెమెరాల కోసం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎఫ్ 1.8 నిలబెట్టే 18-35 జూమ్ తెచ్చాక ఆ తేడా కూడా బాగా తగ్గిపోయింది. అసలు సంగతి వెలుతురు కాదు, బ్లర్. వెనకంతా కరిగిపోతే ‘సినిమాటిక్’ అన్న భ్రమ. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 50 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్ 1.4 దగ్గర తెరిచి, మీటరు దూరంలో మనిషిని కూర్చోబెడితే స్పష్టంగా కనిపించే లోతు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. కనురెప్పలు స్పష్టం, చెవులు మసక. ఫోకస్ పుల్లర్ లేని యూనిట్‌లో మనిషి కాస్త తల వంచితే టేక్ పోయినట్టే. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. డబ్బులేని సినిమాకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి లొకేషన్. సెట్ వేయలేనివాళ్లకు ఊరు ఉచితంగా ఇస్తుంది గోడ మీద పాత క్యాలెండర్, దండెం మీద బట్టలు, గడపకు పసుపు, వెనక సందులో సైకిల్ తోసుకెళ్లే మనిషి. వాటిని వెతికి పట్టుకుని, అనుమతి తెచ్చుకుని, తీరా కెమెరా పెట్టాక అద్దె లెన్స్‌తో చెరిపేస్తున్నాం. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) బలమంతా కంచరపాలెమే. విశాఖలోని ఆ పేట, అందులో నటించిన అక్కడి మనుషులు. ఆ పేటను మసక చేస్తే ఏం మిగులుతుంది?

ప్రైమ్ క్రమశిక్షణ నేర్పుతుంది, జూమ్ బద్ధకం నేర్పుతుందన్నది మరో వాదన. ఫ్రేము మార్చాలంటే ప్రైమ్‌తో అడుగు వేయక తప్పదు, జూమ్‌తో నిలబడ్డచోటు నుంచే లాగేయొచ్చు అంటారు. ఇందులో సగం నిజముంది. దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య కనిపించే సంబంధాన్ని తేల్చేది కెమెరా నిలబడ్డ చోటు, లెన్స్ కాదు. కాబట్టి ఎక్కడ నిలబడాలో ముందు తేల్చుకోవాల్సిందే. అది డైరెక్టరు, కెమెరామన్ బుర్రలో జరగాల్సిన పని. క్రమశిక్షణ కావాలంటే జూమ్ రింగును 35 దగ్గర పెట్టి టేపు అతికించి ఆ పూటంతా తీయండి, ఎవరూ వద్దనరు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకుని తీరాలి. నేను వెనకేసుకొస్తున్నది కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను కాదు. అది జూమ్ చేసేకొద్దీ వెలుతురు తగ్గిస్తుంది, చివరికొచ్చేసరికి ఎఫ్ 5.6. అలాంటిది తప్ప మరేదీ లేనివాళ్లు పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 కొనుక్కోవడమే మేలు, అది దాదాపు పదింతలు వెలుతురు తీసుకుంటుంది. రాత్రి వీధి సీన్లకైతే జూమ్ ఉన్నవాళ్లకూ అలాంటి ప్రైమ్ ఒకటి సంచిలో ఉండాలి. ఒకటి చాలు, సెట్ అక్కర్లేదు.

జూమ్‌ను బాగా నమ్ముకున్న అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ ‘నాష్‌విల్’ (1975)లో ఇంకో పని కూడా చేశాడు. నటులకు విడివిడిగా మైకులు పెట్టి ఎనిమిది ట్రాకుల మీద మాటలు రికార్డు చేయించాడు. కెమెరా ఎవరి మీదుందో నటులకు తెలియదు, అందుకే అందరూ నిజంగా మాట్లాడుకున్నారు. సినిమాలో రెండో సగమైన ఈ శబ్దం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. లెన్స్ పేర్లు నోటికి వచ్చిన కుర్రాళ్లను లేపెల్ మైక్ ఎక్కడ పెట్టాలో అడిగితే తడుముకుంటారు. కెమెరా మీది మైకుతో పట్టిన మాటలో ఫ్యాను హోరు, గది ప్రతిధ్వని తప్ప మనిషి ఉండడు. దాన్ని కప్పడానికి డబ్బింగ్, డబ్బింగ్ అతుకులు కప్పడానికి చెవులు బద్దలయ్యే సంగీతం. ‘పెళ్లి చూపులు’ (2016), ‘కేరాఫ్ కంచరపాలెం’ రెండూ సింక్ సౌండ్‌తో తీసిన సినిమాలు. ఆ పాత్రలు మన పక్కింటివాళ్లలా అనిపించడానికి వాళ్ల యాస, ఊపిరి, తడబాటు అక్కడికక్కడే రికార్డు కావడం పెద్ద కారణం. మసక బొమ్మనైనా ప్రేక్షకుడు కాసేపు ఓర్చుకుంటాడు గానీ వినపడని మాటను ఓర్చుకోడు.

అందుకే వచ్చే నెల షూటింగ్ పెట్టుకున్నవాళ్లకు ఒకటే విన్నపం. కృష్ణానగర్‌లో అద్దె కొట్టు మెట్లెక్కే ముందు జాబితాలోంచి ప్రైమ్ సెట్ కొట్టేయండి. ఒక జూమ్ తీసుకోండి. మిగిలిన డబ్బుతో రెండు లేపెల్ మైకులు, ఒక బూమ్, వాటిని వాడటం తెలిసిన ఒక సౌండ్ రికార్డిస్టును మాట్లాడుకోండి.