పిల్లల దుఃఖమునకు ఒక బొమ్మల నవల

2014 జులై 24 ఉదయమున మన మెదక్ జిల్లా మాసాయిపేట కడ, గేటుగాని కాపలాగాని లేని రైలు క్రాసింగును దాటుచున్న బడి బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజరు ఢీకొనగా పదిహేనుమందికి మించి అసువులు బాసిరి; వారిలో దాదాపు అందరును పసిపిల్లలే. ఒకే ఇంట ఇద్దరేసి బిడ్డలను పోగొట్టుకొని కడుపుకోతకు గురియైన తల్లులును కలరు. దుర్ఘటనపై దేశమంతట చర్చ సాగినది. బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని క్రాసింగులనన్నిటిని తొలగించితిమని 2019 జనవరి నాటికి రైల్వేశాఖ ప్రకటించినది. అయినను, ఆ బస్సునుండి గాయములతో బయటపడి, పక్కన కూర్చున్న నేస్తము లేకుండనే పెరిగి నేడు యౌవనమున అడుగిడిన పిల్లల అంతరంగమును గూర్చి చెప్పు తెలుగు పుస్తకమొక్కటియు నా కంటబడలేదు.

అట్టి పుస్తకము రావలెననియు, అది బొమ్మల నవలగా రావలెననియు నా దృఢాభిప్రాయము. బొమ్మల కథయనగానే చందమామ పుటలు తలపునకు వచ్చి, అది వినోదమునకే గదా యని మనవారు అనుకొందురు. కాని మహాభయమును చవిచూచిన మనస్సు తరచు జరిగినదానిని ఆద్యంతముగల కథనముగా దాచుకొనదు; ఒక కేక, ఒక చెప్పు, తెరచుకొనని ఒక కిటికీ, ఇట్లు తునకలుగా దాచుకొని, వేళగాని వేళ కంటియెదుట నిలుపును. గడికొక బొమ్మగా సాగి, గడికిని గడికిని నడుమ కొంత తెల్లని చోటు విడుచు ఈ ప్రక్రియకు ఆ తునకలను తునకలుగానే చూపగల శక్తి యున్నది. ఆ తెల్లని చోట చదువరి ఆగవచ్చును, పుట మూయవచ్చును, ఓర్చుకొనగలిగిననాడు తిరిగి తెరవవచ్చును.

ఇట్టి బొమ్మల నవలకు జపానులో ఒక ఉదాహరణము కలదు. హిరోషిమాపై అణుబాంబు పడిననాడు దాని కర్త కైజీ నకజావా ఆరేండ్ల బాలుడు. బడి గోడ చాటున ఉండుటచే అతడు బ్రతికెను. కూలిన ఇంటి క్రింద తండ్రియు తోబుట్టువులును మరణించిరి. 1973 నుండి అతడు ఆ కథను గెన్ అను బాలుని పేర బొమ్మలలో గీయసాగెను. ఇల్లు లేని ర్యూటా అను అనాథ గెన్‌కు ఎదురగును. వాని ముఖము చనిపోయిన తమ్ముని ముఖమువలె నుండును. దొంగతనము చేసియైనను కడుపు నింపుకొనవలసిన ఆ వీథులలో ఆ ఇద్దరును ఒకరికొకరు అన్నదమ్ములై బ్రతుకుదురు. కాలిన చర్మమును, పురుగులు పట్టిన గాయములను నకజావా దాచలేదు. ఆ స్నేహమునుగూడ అంతే స్పష్టముగ గీసెను. ఆ చీకటి లేనిదే ఆ చెలిమి విలువ మనకు తెలియదు.

ఇట్టి పుస్తకములు పిల్లలను బెదరించునను ఆక్షేపణ జపానులోనే వచ్చినది. మాట్సుయే నగరమున 2012 చివర బడి గ్రంథాలయములలో గెన్ కథ పిల్లల చేతికి సులభముగ అందకుండ అధికారులు కట్టడి చేసిరి. సంగతి బయటపడి నిరసనలు చెలరేగగా 2013 ఆగస్టున ఎత్తివేసిరి. మారణహోమమునకు గురియైన యూదులను ఎలుకల రూపమున చిత్రించి 1992లో పులిట్జరు ప్రత్యేక పురస్కారమందిన ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్'ను 2022లో అమెరికాలోని ఒక జిల్లా పాఠ్యప్రణాళికనుండి తొలగించిరి. పెద్దల భయము ఎల్లెడల ఒక్కటే.

మన తాతలకు ఈ భయము లేదు. పొరుగునున్న సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రకారులు గుడ్డపై గంజియు సుద్దయు చింతగింజల జిగురును పట్టించి, ఎర్రని నేలపై వరుస వరుసగా బొమ్మలు వ్రాసిన పటములను కథకులు ఊరూర విప్పి చెప్పెడివారు. పద్మశాలీలకు చెప్పు మార్కండేయుని కథలో పదునారేండ్లకే ఆయువు తీరనున్న బాలుడు లింగమును కౌగిలించుకొనియుండగా యముని పాశము వచ్చి పడును. తల్లి ఒడిలోని బిడ్డలతోసహా ఊరంతయు ఆ కథ వినెడిది. మృత్యువు మాట వినరాదని పిల్లలనెవ్వరును లేపి పంపలేదు. అందరితో కూడి విన్నందున ఆ భయము భరింపదగినదయ్యెను. నేడు మనము "చిన్నపిల్లలు, మరచిపోతార్లే" యని వారి ముందు మాట మార్చుచున్నాము. ఆ మౌనములో వారిని ఒంటరిగ వదలుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. మన జిల్లాలోని నర్సాపూర్ చౌరస్తాలో ఉదయమున నిలిచి చూచినచో, చుట్టుపట్ల పల్లెలనుండియు తండాలనుండియు పిల్లలను ఎక్కించుకొని వచ్చు పసుపుపచ్చ బస్సులు కానవచ్చును. కిటికీల వద్ద జంటలు జంటలుగా ముఖములు. ఎవరి పక్క ఎవరు కూర్చుందురన్నది ఆ వయస్సున ఎంత పెద్ద విషయమో ఎరుగనివారెవరు?

కావున రాష్ట్ర సాహిత్య అకాడమీగాని, మరియొక సంస్థగాని ఒక చిత్రకారుని, ఒక రచయితను, పిల్లల మనస్సునెరిగిన ఒక వైద్యుని కూర్చి ఈ పనికి పూనుకొనవలెను. మాసాయిపేట పిల్లలు ఇపుడు తమ మాట తాము చెప్పగల వయస్సువారు; వారు సమ్మతించినచో వారి కథ, లేనిచో కల్పిత కథ. వారి పేర్లుగాని ఊళ్ళుగాని అనుమతిలేక అచ్చుకెక్కరాదు. గీసిన పుటలు మొదట వారికే చూపి, వలదన్న బొమ్మను తీసివేయవలెను. అచ్చైన పిదప జిల్లా పరిషత్తు బడులకు ప్రతులు పంపి, ఉపాధ్యాయుడు పక్కన కూర్చుండి చదివించుటకు వారమునకు ఒక గంట కేటాయింపవలెను.