యంత్ర పరిచయం: నూనె పంపు తీసివేసిన మోటారు సైకిలు

మన యువ సహోద్యోగి ఒకరు తమ తండ్రిగారి జ్ఞాపకంగా మిగిలిన పాత 'రాజ్‌దూత్ 350' మోటారు సైకిలును ఇటీవల విశాఖపట్నం నుండి ఓడ మీద తెప్పించుకున్నారు. హాడో రేవు నుండి అది క్వార్టర్లకు చేరిన సాయంత్రం కాలనీలోని పిన్నలూ పెద్దలూ దాని చుట్టూ మూగారు. పిల్లలు ఆ చప్పుడుకు ఆశ్చర్యపోతే, పెద్దలు తమ కళాశాల రోజులను తలచుకున్నారు. అయితే పట్టుమని పది దినాలు గడవక ముందే ఆ బండి ఒక పల్లపు దారిలో హఠాత్తుగా బిగుసుకుపోయి, దంపతులిద్దరినీ కింద పడవేసినంత పని చేసింది. అలా ఎందుకు జరిగిందో గ్రహించాలంటే ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలియాలి. ఈ సంచికలో ఆ విషయమే ముచ్చటించుకుందాం.

వాద్యాల ఇంట పుట్టిన వాహనం

పేరుకు రాజ్‌దూత్ అయినా ఈ బండి మూలం జపాను దేశపు యమహా సంస్థది. 1887లో తొరాకుసు యమహా అనే ఆయన హమమత్సు పట్టణంలో ఒక పాఠశాలవారి రీడ్ ఆర్గన్‌ను మరమ్మతు చేయడంతో ఆ సంస్థ కథ మొదలయింది. ఆర్గన్లు, పియానోలు తయారు చేస్తూ పెరిగిన ఆ వాద్య పరికరాల సంస్థ నుండి 1955 జూలై 1న యమహా మోటారు కంపెనీ వేరుగా ఏర్పడింది. గెనిచి కవకామి దాని తొలి అధ్యక్షులు. వారి మొదటి బండి 125 సి.సి. వై.ఏ.-1, జర్మనీ దేశపు డి.కె.డబ్ల్యు. ఆర్.టి. 125 నమూనాను అనుసరించినది. నేటికీ యమహా చిహ్నంలో కనిపించే మూడు శ్రుతిదండాలు ఆ సంగీత వంశానికి గుర్తు.

ఆ సంస్థ 1973లో విడుదల చేసిన మధ్యతరహా మోటారు సైకిలే ఆర్.డి. 350. ఇందులో పక్కపక్కనే రెండు సిలిండర్లు, గాలితో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసం 64 మి.మీ., పిస్టను కదలిక 54 మి.మీ. పాఠశాల విద్యార్థులు స్తూపం ఘనపరిమాణ సూత్రంతో లెక్క కట్టి చూడవచ్చు: ఒక్కొక్కటి సుమారు 173.7 ఘన సెంటీమీటర్లు, రెండూ కలిపి 347. ఇంత చిన్న ఇంజను నిమిషానికి 7,500 చుట్ల వద్ద 39 అశ్వశక్తి ఇచ్చేది. ఆ కాలపు రెట్టింపు పరిమాణం గల బండ్లతో ఇది పోటీ పడిందంటే కారణం ఇదే.

ఇంత శక్తి ఎలా వచ్చింది? ఫోర్-స్ట్రోక్ ఇంజనులో ప్రతి రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. అయితే టూ-స్ట్రోక్‌కు ఒక లోపం ఉన్నది. పిస్టను కింది అరలోనికి పీల్చుకున్న పెట్రోలు-గాలి మిశ్రమంలో కొంత, వేగం తక్కువగా ఉన్నప్పుడు, వచ్చిన దారినే కార్బొరేటరులోనికి వెనక్కు తన్నుతుంది. దీనికి విరుగుడుగా ఆర్.డి.లో పలుచని ఉక్కు రేకులతో చేసిన రీడ్ వాల్వులు అమర్చారు. హార్మోనియం విప్పి చూసిన వారికి రీడు అంటే ఏమిటో తెలుసు. అక్కడ గాలి తగిలి రేకు కంపిస్తే స్వరం పలుకుతుంది. ఇక్కడ లోపలి పీల్పుకు రేకు తెరుచుకుంటుంది, ఎదురు పీడనం రాగానే మూసుకుంటుంది. లోపలికి వెళ్ళినది మరి వెనక్కు రాదు. రీడ్ ఆర్గన్‌తో మొదలైన సంస్థ మోటారు సైకిలులో రీడునే వాడటం కాకతాళీయమే అయినా ముచ్చటైన విషయం.

నూనె పంపు ఎందుకు?

టూ-స్ట్రోక్ ఇంజనులో పిస్టను కింది అర కూడా మిశ్రమం ప్రయాణించే దారే కనుక, ఫోర్-స్ట్రోక్‌లో వలె అడుగున నూనె నిలువ ఉంచే వీలు లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయడం పాత పద్ధతి. పెట్రోలు బంకులో స్కూటరు ట్యాంకులోనికి 2టీ ఆయిల్ కొలిచి పోయించుకున్న జ్ఞాపకం మనలో చాలామందికి ఉన్నది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. నూనె పెట్రోలుతో పాటే ప్రయాణిస్తుంది కనుక, పెట్రోలు ఆగితే నూనె కూడా ఆగుతుంది. దీనిని గమనించి యమహా వారు 1964లో వై.ఏ.-6 బండితో 'ఆటోల్యూబ్' అనే ఏర్పాటు ప్రవేశపెట్టారు. నూనెకు వేరే ట్యాంకు, దానికి ఒక చిన్న పంపు. ఆ పంపు రెండు ఆజ్ఞలు వింటుంది. ఒకటి ఇంజను వేగం, రెండవది యాక్సిలరేటరు కేబులు. బండి నిలిచి ఉన్నప్పుడు కొద్దిగా, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువగా నూనె పంపుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, యాక్సిలరేటరు పూర్తిగా మూసినా, ఇంజను తిరుగుతున్నంతసేపూ కనీస మోతాదు నూనె అందుతూనే ఉంటుంది. పొగ తగ్గడం, నూనె ఆదా కావడం అదనపు లాభాలు.

మన దేశంలో మార్పులు

1962లో పోలండ్ నమూనాతో రాజ్‌దూత్ 175 ప్రారంభించిన ఎస్కార్ట్స్ సంస్థ, యమహా లైసెన్సుతో 1983లో రాజ్‌దూత్ 350ని విడుదల చేసింది. బుల్లెట్, యజ్డీ బండ్లకు అలవాటు పడిన మన రోడ్లకు ఇది కొత్త అనుభవం. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, రీడ్ వాల్వులు, ఆటోల్యూబ్, 12 వోల్టుల విద్యుత్తు అన్నీ ఉన్నాయి. కానీ రెండు ముఖ్యమైన మార్పులు చేశారు. పెట్రోలు ఆదా కోసం ఇంజను శక్తిని మొదట 30.5 అశ్వశక్తికి, తరువాతి రకంలో సుమారు 27కు తగ్గించారు. ఖర్చు తగ్గించడానికి ముందు చక్రపు డిస్క్ బ్రేకు స్థానంలో డ్రమ్ బ్రేకు పెట్టారు.

అయినా ఈ బండి వ్యాపారపరంగా నెగ్గలేదు. ధర ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఎక్కువ, విడిభాగాలు ఖరీదు, పని తెలిసిన మెకానిక్కులు అరుదు. 1985లో హీరో హోండా వారి 100 సి.సి. ఫోర్-స్ట్రోక్ బండి, అదే సంవత్సరం ఎస్కార్ట్స్ నుండే యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చాక మధ్యతరగతి గృహస్థు చూపు అటు మళ్ళింది. ఆ దశాబ్దం ముగిసేసరికి 350 ఉత్పత్తి ఆగిపోయింది. మెకానిక్కు దొరకని ఊళ్ళలో ఈ బండ్ల మీద రకరకాల సొంత వైద్యాలు జరిగాయి. వాటిలో మిక్కిలి ప్రచారం పొందినది ఆటోల్యూబ్ పంపును తీసివేసి, పెట్రోలులో నూనె కలిపి నడపడం.

ఇలా చేసిన వారి వాదన కొట్టివేయదగినది కాదు. పంపు చెడినా, నూనె ట్యాంకు ఖాళీ అయినా నడిపేవారికి వెంటనే తెలియదు. తెలిసేసరికి ఇంజను పోతుంది. పెట్రోలులో కలిపితే ఆ భయం లేదు. సమతలమైన రోడ్డు మీద ఆ పద్ధతి నిక్షేపంగా పని చేస్తుంది కూడా.

చిడియా టాపు దారిలో

మన పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుండి శ్రీ విజయపురం, సమతలమైన ఊరు కాదు. ఇక్కడ ఏ దారి పట్టినా ఎక్కుడూ దిగుడే. మన మిత్రుడు ఒక ఆదివారం సతీసమేతంగా చిడియా టాపులో సూర్యాస్తమయం చూసి తిరిగి వస్తున్నారు. ఒక ఎత్తు ఎక్కించాక, రోజూ తన ఫోర్-స్ట్రోక్ బండి మీద చేసే విధంగానే యాక్సిలరేటరు మూసి, మూడవ గేరులో ఇంజను పట్టు మీద పల్లం దిగసాగారు. కొంత దూరం వెళ్ళాక ఇంజను మూలిగినట్లయి వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. బండి పక్కకు జారింది. అదృష్టవశాత్తు ఆయన చేయి వెంటనే క్లచ్ నొక్కింది. చక్రం విడిపడి, బ్రేకులతో ఎలాగో రోడ్డు అంచున ఆగగలిగారు.

మరునాడు విప్పి చూస్తే కుడి పిస్టను సిలిండరు గోడకు రాసుకొని గీతలు పడి ఉన్నది. పంపు ఉండవలసిన చోట ఒక రేకు బిగించి ఉన్నది. కారణం స్పష్టమే. ఎత్తు ఎక్కి ఇంజను వేడెక్కింది. అల్యూమినియం పిస్టను వేడికి ఇనుప లైనరు కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. సరిగ్గా నూనె ఎక్కువ కావలసిన ఆ సమయంలో యాక్సిలరేటరు మూశారు. పెట్రోలు ఆగింది, దానితో పాటే నూనె కూడా ఆగింది. పల్లం మాత్రం ఇంజనును గిరగిర తిప్పుతూనే ఉన్నది.

"మరి ఇంజను మీద దిగకుండా బ్రేకుల మీదనే దిగవలసింది కదా సార్?" అని ఆయన అడిగారు. దిగవచ్చు. కానీ పొడవైన పల్లంలో డ్రమ్ బ్రేకు వేడెక్కి పట్టు తగ్గుతుంది. వేడిని త్వరగా వదిలే డిస్క్ బ్రేకు ఈ బండికి రానేలేదు. అంటే, ఖర్చు తగ్గించడానికి కర్మాగారంలో తీసినది ఒకటి, గొడవ తగ్గించడానికి మెకానిక్కు తీసినది ఒకటి. ఎవరి కారణం వారికి సబబే. ఒకరు తీసినది మరొకరు ఎరుగరు. ఏళ్ళ తరబడి విశాఖ రోడ్ల మీద బయటపడని ఆ రెండు లోట్లూ ఈ ద్వీపంలో ఒకే పల్లంలో కలుసుకున్నాయి.

పంపు దొరికింది

సిలిండరు బోరు చేయించి, ఓవర్ సైజు పిస్టను, రింగులు వేయాలి. అవి ప్రధాన భూభాగం నుండి రావాలి. సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావడమంటే ఆలస్యం తప్పదు. ఈ లోగా మన మిత్రుడు విశాఖలోని తల్లిగారికి ఫోను చేశారు. "మీ నాన్నగారు దేన్నీ పారవేసేవారు కాదు నాయనా, అటక మీద చూస్తానుండు" అన్నారావిడ. బిస్కట్ డబ్బాలో, నూనె గుడ్డలో చుట్టిన పంపు, దాని కేబులు భద్రంగా ఉన్నాయి. విడిభాగాలతో పాటు అదీ వచ్చింది. శుభ్రం చేసి, సీళ్ళు మార్చి, గొట్టాలలో గాలి లేకుండా తీసి, కేబులు సరిచేసి బిగించాము. ఇప్పుడు బండి కాలనీలో తిరుగుతున్నది. నూనె ట్యాంకు చూడనిదే ఆయన కిక్కు మీద కాలు పెట్టరు.

ఈ దీవులలో పాత టూ-స్ట్రోక్ బండ్లు ఉన్నవారికి రెండు మాటలు. పెట్రోలులో నూనె కలిపి నడిపే బండి అయితే పొడవైన పల్లంలో యాక్సిలరేటరు మూసి ఇంజను మీద వదలవద్దు. నడుమ నడుమ కొద్దిగా రేసు ఇస్తూ, రెండు బ్రేకులనూ విడిచి విడిచి వాడుతూ నెమ్మదిగా దిగండి. ఇంజను బిగిసినట్లు అనిపించిన తక్షణం క్లచ్ నొక్కండి. ఫోర్-స్ట్రోక్ వారికి మొదటి నియమం వర్తించదు. వారు తక్కువ గేరులో ఇంజను పట్టు మీద దిగడమే క్షేమం.

మన వర్క్‌షాపులలోనూ "ఇది లేకపోయినా నడుస్తుంది" అని ఒక వాల్వునో, రిలేనో, గార్డునో తొలగించే సందర్భాలు వస్తుంటాయి. తొలగించే ముందు దానిని ఎందుకు పెట్టారో తెలుసుకుందాం. తప్పనిసరిగా తొలగిస్తే ఆ సంగతి లాగ్ పుస్తకంలో వ్రాసి, తీసిన భాగాన్ని పేరు చీటీ కట్టి భద్రపరుద్దాం. మన తరువాత ఆ యంత్రం ఎవరి చేతికి వస్తుందో, వారిని ఏ పల్లంలోనికి తీసుకొని పోతుందో మనం ఎరుగము.

వచ్చే సంచికలో సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టే విధము, నివారణోపాయాలు తెలుసుకుందాం.