ఎంపీసీయా, బైపీసీయా?

పదో తరగతి ఫలితాలు రాగానే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు మన ఊళ్లలో దిగుతారు. ఎంపీసీ తప్ప మరో మాట ఉండదు. బైపీసీలో చేరిన కొద్దిమందీ నీట్ వెంటే. వ్యవసాయ డిగ్రీకి బైపీసీయే దారి అని, ఈఏపీసెట్ అగ్రికల్చర్ విభాగంలో 160 మార్కుల్లో 80 వృక్ష, జంతు శాస్త్రాలవేనని, వ్యవసాయ విశ్వవిద్యాలయాల బీఎస్సీ సీట్లలో రైతు బిడ్డలకు 40 శాతం కోటా ఉందని చెప్పేవాళ్లేరీ?

ఆ కోటాలోనూ మెలిక ఉంది. ఇంటివాళ్ల పేరున కనీసం ఎకరం భూమి ఉన్నట్టు కాగితం చూపాలి. కౌలు రైతు పదెకరాల మిరప వేసినా అతని పేరున సెంటు ఉండదు. పెట్టుబడి అతనిది, అప్పు అతనిది, కోటా మాత్రం పాసు పుస్తకం ఉన్న ఇంటికి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ప్రభుత్వమే పంట సాగుదారు హక్కు పత్రాలు ఇచ్చింది. ఆ పత్రాన్ని కోటాకు ఆధారంగా ఒప్పుకోవడానికి అడ్డేమిటి? (దానికీ భూయజమాని సంతకం కావాలనడం ఇంకో గొడవ.) మండల కమిటీలు ఈ డిమాండ్‌తో వినతిపత్రాలు ఇవ్వాలి.

ఇంకొకటి. కోటాకు కనీసం నాలుగేళ్లు మునిసిపాలిటీ కాని ఊళ్లో చదివి ఉండాలి. పిల్లల్ని చిన్నప్పుడే పట్నం హాస్టళ్లలో వేసేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి.