ఐబీఎంని ఎవరూ గెంటెయ్యలేదు

మొన్నొక టీవీ చర్చలో సూటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన మళ్లీ పాత పాటే అందుకున్నాడు. 1978లో జనతా ప్రభుత్వ పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎంని దేశం నుంచి తరిమేశాడట, దాంతో మనం ఇరవై ఏళ్లు వెనకబడ్డామట. పక్కనున్న నలుగురూ తలలూపారు. యాంకరమ్మ నిట్టూర్చింది కూడా. తరిమినందుకు ఫెర్నాండెజ్‌కి దండలేసే బాపతూ ఉన్నారు. వాళ్లు చెప్పేదీ ఇదే కథ, తిట్టాల్సిన చోట చప్పట్లు కొడతారు, అంతే తేడా.

అసలు తరిమిందెవరు? విదేశీ కంపెనీలు తమ వాటాని 40 శాతానికి దించుకోవాలన్న ఫెరా చట్టం 1973 నాటిది, ఇందిరమ్మ హయాంలోది. ఐబీఎంతో బేరాలు కూడా జనతా వాళ్లు గద్దెనెక్కక ముందే మొదలయ్యాయి. బ్రిటిష్ ఐసీఎల్ సరేనని వాటా తగ్గించుకుని ఇక్కడే వ్యాపారం చేసుకుంది. బరోస్ టాటాలతో చెయ్యి కలిపింది. ఐబీఎం మాత్రం సర్వీసు విభాగంలో అయితే వాటా వదులుకుంటాం, తయారీ, ఎగుమతులు నూటికి నూరు మావేనని భీష్మించుకుంది. కుదరదంది ప్రభుత్వం. ఐబీఎం పెట్టేబేడా సర్దుకుంది. షరతు నచ్చక లేచి వెళ్లినవాణ్ణి గెంటేశారంటామా?

పోనీ, వెళ్తూ వెళ్తూ మననుంచి ఏం పట్టుకుపోయింది? 1401 అనే కంప్యూటర్ మోడల్ అమెరికాలో 1959లో వచ్చింది. అక్కడ వాడేసిన వాటిని తెచ్చి, బొంబాయి ఫ్యాక్టరీలో బాగుచేసి, మన సంస్థలకి నెలనెలా అద్దెకిచ్చారు. డెబ్బైల్లో కూడా అవే. పార్లమెంటు పద్దుల సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగానే కడిగింది. ఆ నివేదిక గురించి టీవీలో ఒక్కరూ ఎత్తరు.

ఐబీఎం వదిలేసిన యంత్రాల బాగోగులు ప్రభుత్వ కంపెనీ సీఎంసీ చూసుకుంది. ఆ సీఎంసీయే ఎనభైల్లో రైల్వే రిజర్వేషన్‌ని కంప్యూటర్లకెక్కించింది. దేశం ఆగిపోలేదు, మహాశయా, రైలు టికెట్ కూడా ఇచ్చింది.

నాకు అసలు కడుపుమంట ఇంకొకటి. ఈ ఇరవై ఏళ్ల వెనకబాటు కథలో హైదరాబాద్ ప్రస్తావన ఎప్పుడూ 1998లో, సైబర్ టవర్స్ దగ్గరే మొదలవుతుంది. 1967లోనే ఇక్కడ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ ఉంది. ట్రాంబే అణుకేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌ని తయారుచేసింది ఈసీఐఎలే, 1969 నాటికే. 12 బిట్ల పదాలు నాలుగు వేల చిల్లర పట్టే మెమరీ దానిది. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. అయితేనేం, అద్దెకి తెచ్చుకున్నది కాదు, మనవాళ్లు గీసుకుని, మనవాళ్లు బిగించుకున్నది. ఆ తర్వాత 312, 316 వచ్చాయి. ధర ఎక్కువ, అందడం ఆలస్యం అని గొణిగినవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఉండనివ్వండి. నేర్చుకుంటున్నవాడు నిదానంగానే చేస్తాడు.

ఈసీఐఎల్‌ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ట్రాంబేలో పనిచేసి వచ్చారు. పద్మభూషణుడు. ఇప్పుడాయన రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో మాత్రమే బతికున్నారు: "ఏఎస్ రావు నగర్‌కి పది నిమిషాల్లో, త్రిబుల్ బెడ్‌రూమ్." అక్కడ కాపురముంటున్నవాళ్లని ఆ రావు ఎవరండీ అని అడిగి చూడండి. లేఅవుట్ వేసిన ఆసామి అనుకునేవాళ్లు బోలెడు మంది తేలతారు. ఈసీఐఎల్ అంటే క్రాస్ రోడ్స్, కండక్టర్ కేకేసే స్టాపు.

ఇక ఐబీఎం సంగతంటారా, 1992లో తిరిగొచ్చింది, అదీ టాటాలతో సగం సగం వాటాకి. నలభై శాతానికి ససేమిరా అన్నవాళ్లకి యాభై చేదనిపించలేదు కాబోలు. 2017 నాటికి దాని ఉద్యోగులు అమెరికాలో కన్నా ఇండియాలోనే ఎక్కువని పత్రికలు రాశాయి.

వాళ్లలో ఈసీఐఎల్ వైపు కాపురమున్నవాళ్లుంటే, ఉద్యోగం హైటెక్ సిటీలోనైతే, వాళ్ల మీద నాకు జాలి. ఈ ఊళ్లో కంప్యూటర్ మొదట తయారైన మూలకి మెట్రో ఇంతవరకూ రాలేదు. రాయదుర్గం దాకా వెళ్లింది కదా, చాలనుకున్నారేమో. వీళ్లు పొద్దున్నే సిటీ బస్సులో వేలాడుతూ హబ్సిగూడకో తార్నాకకో వచ్చి, అక్కడ రైలెక్కాలి. ఈ మాటు ఎన్నికల్లో ఓట్లడగడానికి వచ్చేవాళ్లని ఆ బస్సులోనే రమ్మనండి, ఎనిమిదిన్నర వేళకి.