పేరు మనది, ఉత్తరం వాడిది

వెనకట ఊళ్లల్లో ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చేవి. వాటితో కుదిరిన పెళ్లిళ్లు చెడిపోయేవి, కాపురాల్లో చిచ్చు రేగేది. అయినా రాసినవాడు పేరు దాచుకున్న పిరికివాడని చదివినవాళ్లకు తెలిసేది. ఇప్పటివాడు అంతకంటే గడుసువాడు. తన పేరు దాచుకుని ఊరుకోడు, ఆ చోట మన పేరు రాస్తాడు.

నేను కరీంనగర్‌లో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. అమెరికాలో ఉన్న మన వైపు ఆడపిల్లలు కొలతలు, డిజైన్లు ఈమెయిల్‌లో పంపుతారు. పోయిన వానాకాలంలో ఓ పొద్దున చూద్దును కదా, "మీరు పంపిన మెయిల్ చేరలేదు" అంటూ మూడొందల పైచిలుకు తిరుగుటపాలు! ఏవో మాత్రల ప్రకటనలు, చూడలేని బొమ్మలు. పంపినవారి చోట నా ఐడీ. అందులో ఒకటి నా కస్టమరుకే చేరింది. "ఏందక్కా, గిసొంటివి పంపుతున్నవ్?" అని ఫోను.

ఇంట్లో వాళ్లేమో "గా మెయిలే వద్దు, తీసెయ్" అన్నారు. అక్కడే నాకు పేచీ. ఎవడో గోడ మీద మన పేరు రాసిపోతే గోడ కడుగుతాం గానీ పేరు మార్చుకుంటామా? పైగా ఐడీ తీసేసినా వాడు ఆ పేరు రాయడం మానడు. పోయేది మన బేరమే.

అసలు సంగతి ఏమంటే, ఇన్‌లాండ్ లెటరు మీద "పంపువారు" అన్నచోట ఎవరి పేరు రాసినా పోస్టాఫీసు వాళ్లు అడగరు. ఈమెయిలూ అంతే. 1982లో ఖరారైన ఆ పద్ధతిలో పంపినవారు నిజంగా వారేనా అని సరిచూసే ఏర్పాటు లేదు. తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని తనిఖీలు వచ్చాయి. వాటివల్ల దొంగ మెయిళ్లు చాలావరకు స్పామ్‌లో పడుతున్నాయి. అన్నీ ఆగవు.

మీ సెంట్ పెట్టెలో ఆ మెయిళ్లు లేవా, తెలియని ఫోన్ నుంచి లాగిన్ అయిన ఆనవాలు లేదా, అయితే చాలామటుకు మీ తాళం పగలలేదన్నమాటే. పేరు మాత్రం వాడుకున్నాడు. అనుమానం తీరడానికి పాస్‌వర్డ్ మార్చుకోండి, ఓటీపీ అడిగే రెండో తాళం కూడా పెట్టుకోండి. ఇంకో రకం ఉంది. మీ ఐడీ నుంచే మీకు మెయిల్ వస్తుంది: "నీ ఫోన్లో దూరాను, నీ వీడియోలున్నాయి, బిట్‌కాయిన్ పంపు" అని. ఇది చదివి ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే ఆడవాళ్లుంటారు. ఇదీ ఆ దొంగ సంతకమే. పైసా ఇవ్వొద్దు, జవాబూ ఇవ్వొద్దు.

తెలిసినవాళ్లందరికీ ఒక్క ముక్క రాయండి: "నా పేరు మీద వస్తున్నవి నావి కావు, లింకులు నొక్కకండి." అందులో "క్షమించండి" అన్న మాట మాత్రం వద్దు. తప్పు మనదైతే కదా!

ఫిర్యాదుకు పోతే "డబ్బు పోయిందా అమ్మా?" అని అడుగుతారు. పోలేదంటే తేలిగ్గా చూస్తారు. పరువుకు లెక్క లేదా? వేరొకరి గుర్తింపును మోసంతో వాడుకుంటే ఐటీ చట్టం 66సి, వేరొకరిలా నటించి మోసగిస్తే 66డి. దేనికైనా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పోకపోయినా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాసుకోవచ్చు. అందుకే తిరుగుటపాలను చిరాకుపడి చెరిపేయకండి. దొంగ మెయిల్ అందినవాళ్లను కూడా దాచమనండి. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కితే "షో ఒరిజినల్" అని వస్తుంది, అది ఎటునుంచి వచ్చిందో అందులో ఉంటుంది.

వాడు దొరుకుతాడా అంటే, ఏ దేశంలో కూర్చున్నాడో, కష్టమే. అయినా నంబరు పడిన ఫిర్యాదు కాగితం చేతిలో ఉంటే, రేపు అత్తింటివారో ఆఫీసువారో "ఇది నువ్వే పంపినవ్" అన్ననాడు వాళ్ల ముందు పెట్టడానికి ఉంటుంది.