ఆకు నలిపి చూడండి, ఆ తర్వాతే విత్తనం కొనండి

రబీ శనగ చేలో కలుపు తీసేటప్పుడు మన ఆడవాళ్ళు ఒక మొక్కను గట్టు మీద పారేయరు, కొంగులో వేసుకుంటారు. అదే పప్పుకూర. కొన్నిచోట్ల చక్రవర్తి కూర అంటారు, ఉత్తరాదిలో బథువా అంటారు. ఆకు బాతు పాదం ఆకారంలో ఉంటుంది. లేత ఆకు మీద, ఆకు అడుగున పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది. నలిపితే ఘాటు వాసన రాదు.

దీనికి ఘాటైన చుట్టం ఒకటుంది. మెక్సికోలో ఎపజోటె అంటారు. అక్కడ చిక్కుడు గింజలు ఉడికేటప్పుడు నాలుగు ఆకులు వేస్తారు. అమెరికా ఖండం నుంచి వచ్చి మన దేశంలోనూ బాటల పక్కన, బంజర్లలో పెరుగుతోంది. ఆకు సన్నగా, పొడుగ్గా, అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. నలిపితే కిరోసిన్, కర్పూరం కలిసినట్టు గుప్పుమంటుంది.

చిక్కు పేరు దగ్గర వస్తోంది. శాస్త్రవేత్తలు చాలాకాలం రెండింటినీ చీనోపోడియం అనే పిలిచారు. వాసన మొక్కను తర్వాత డిస్ఫేనియా అని వేరు చేశారు. పాత పేరు ఇంకా వాడుకలో ఉంది. కాబట్టి పొట్లం మీద చీనోపోడియం అని చూసి పప్పుకూర అనుకుంటే మోసపోతాం. ఎపజోటె నూనెలో అస్కారిడోల్ అనే విషపదార్థం ఉంటుంది. వందేళ్ళ కిందట కొంకిపురుగులకు మందుగా ఆ నూనె ఇచ్చేవారు. మోతాదు మించి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. గర్భిణులు దాని జోలికి పోకూడదు. పశువులకు మేతగా వేయకూడదు.

పెంచడం కష్టం కాదు. గింజ చాలా చిన్నది, లోతుగా వేస్తే మొలవదు. తడి మట్టి మీద చల్లి చేత్తో అదిమితే చాలు. ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. అసలు కష్టం వదిలించుకోవడంలోనే. గింజ రాలితే మరుసటి ఏడు చేనంతా అదే. పెరటి కోసం పెంచేవారు గింజ పట్టకముందే పూత కోసేయాలి.

సుగంధ మొక్క, ఎకరానికి లక్షలు అంటూ ఎవరైనా ఊళ్ళోకి వస్తే అడవి ఆముదాన్ని గుర్తు తెచ్చుకోండి. బయోడీజిల్ పంట అని ఊదరగొట్టారు. నాటిన రైతుకు దిగుబడి లేదు, గింజ కొనేవాడూ లేడు. 1966 విత్తన చట్టం ప్రధానంగా నోటిఫై చేసిన రకాలకే వర్తిస్తుంది. ఇలాంటి కొత్త విత్తనం మొలవకపోతే అమ్మినవాడిని ఆ చట్టం కింద నిలదీయడం కష్టం. బిల్లు, లాట్ నంబరు, కొనుగోలు ధర రాసిన ఒప్పందం లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. పొట్లంలో గుప్పెడు గింజలు దాచండి.

వ్యవసాయ శాఖను సంఘం కోరేది ఒక్కటే. కలుపుమందు సిఫారసు చేసే ముందు చేలో ఏ మొక్క తినేదో, ఏది కాదో రైతుకు చూపించండి. పప్పుకూర మీద మందు కొట్టాక మళ్ళీ ఆ కూర సంతలో కొనుక్కునే గతి మనకు పట్టకూడదు.