పన్ను పోయింది, చెత్త పోలేదు



టోవా పాయోలో వారానికో సాయంత్రం ఎంపీ తన వార్డు జనాన్ని కలుస్తారు. హెచ్‌డీబీ బ్లాకు కింద టేబుళ్లు, కుర్చీలు వేసి ఉంటాయి. నంబరు తీసుకుని కూర్చున్న ముసలమ్మ తన వంతు రాగానే లిఫ్టు గురించో, చెత్త గొట్టం గురించో, నెల నెలా కట్టే కన్సర్వెన్సీ చార్జీల గురించో చెప్పుకుంటుంది. 1988 నాటి చట్టం ప్రకారం ఇక్కడ టౌన్ కౌన్సిళ్లను నడిపేది ఎంపీలే. కాబట్టి "అది నా శాఖ కాదండీ" అనే వీలు ఆయనకి లేదు.

సింగపూర్‌ని పొగడడానికి ఇది రాయడం లేదు. ఇక్కడ మేయర్ని జనం ఎన్నుకోరు. ఆ విషయంలో మన రాజ్యాంగమే మెరుగు. కానీ చెత్త లెక్క మాత్రం ఇక్కడ దాచరు. ఇంటి చెత్త తీసుకెళ్లినందుకు నెలకు సుమారు పది డాలర్లు కరెంటు, నీళ్ల బిల్లులోనే విడిగా కనిపిస్తాయి. ఆ చెత్తని తగలబెట్టి, మిగిలిన బూడిదని పడవల మీద సెమకావ్ దీవికి చేరుస్తారు. 1999లో మొదలైన ఈ డంపింగ్ స్థలానికి 61 కోట్ల డాలర్లు ఖర్చయింది. దేశం మొత్తానికి ఉన్నది ఇదొక్కటే. 2035 నాటికి ఇదీ నిండిపోతుందని ప్రభుత్వమే చెబుతోంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2021 అక్టోబర్ 2న అప్పటి జగన్ ప్రభుత్వం 'క్లాప్' పథకం మొదలుపెట్టింది. పెద్ద నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వసూలు చేశారు. ఆస్తిపన్నుని ఆస్తి విలువకి ముడిపెట్టిన చట్టం అంతకు ముందే, 2020లో వచ్చింది. రెండు భారాలూ ఒకదాని వెంట ఒకటి మీద పడేసరికి జనానికి ఒళ్లు మండింది. మూడేళ్లకి, 2024లో అదే అక్టోబర్ 2న, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మచిలీపట్నంలో చెత్త పన్ను రద్దు ప్రకటించారు. రాష్ట్రంలో 85 లక్షల టన్నుల చెత్త పేరుకుపోయిందని కూడా ఆ రోజే చెప్పారు.

ఆ రద్దుకి మనలో చాలామంది చప్పట్లు కొట్టారు. పన్ను వేసినప్పుడు సమర్థించిన వాళ్లూ మనలో ఉన్నారు. రెండు వర్గాల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ డబ్బు ఇకమీదట ఎక్కడి నుంచి వస్తుంది? చెత్త బండికి డీజిల్ కావాలి, పారిశుద్ధ్య కార్మికుడికి జీతం కావాలి. పాత గుట్టలు తొలగించినా కొత్త చెత్త రోజూ తెల్లవారేసరికి తయారవుతుంది. యూజర్ చార్జీలు వసూలు చేసుకోవచ్చని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. పన్ను తప్పు కాదు. సేవ చూపించకుండా, లెక్క చెప్పకుండా వసూలు చేయడం తప్పు. ఆ తప్పుని దిద్దకుండా పన్నుని ఎత్తేశాం. ఎలక వచ్చిందని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది.

విశాఖ చెత్త దశాబ్దాలుగా చేరుతున్నది కాపులుప్పాడకి. చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు అక్కడ 2022లో వచ్చింది. 2025లో కాగ్నిజెంట్‌కి ఎకరం 99 పైసల చొప్పున భూమి ఇచ్చింది కూడా కాపులుప్పాడలోనే. ఐటీ వాళ్లం కదా, ఆ 99 పైసల వార్తని వంద గ్రూపుల్లో పంచుకున్నాం. అదే ఊళ్లో డంపింగ్ యార్డు పక్కన బతికే వాళ్ల గురించి ఎంతమందిమి మాట్లాడాం?

చెత్త నిర్వహణ మున్సిపాలిటీల పని అని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పింది. అయినా 2012 నుంచి 2021 దాకా విశాఖకి ఎన్నికైన కౌన్సిలే లేదు! ఎమ్మెల్యేలు కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో సభ్యులు. 2025 ఏప్రిల్‌లో మేయర్ని అవిశ్వాసంతో దించే రోజున వాళ్లు వచ్చి ఓటేశారు. మంచిదే, అది వాళ్ల హక్కు. డంపింగ్ యార్డు మీద, పన్ను మీద చర్చ జరిగే రోజున కూడా అంతే శ్రద్ధగా వచ్చి కూర్చోవాలని అడగడం మన హక్కు.

నేను కోరేవి మూడే. ఒకటి, చెత్తకి అయ్యే ఖర్చు ఇంటి పన్ను బిల్లులో విడిగా కనిపించాలి. పేదలకి మినహాయింపు ఇవ్వండి, మిగతావాళ్ల దగ్గర తీసుకోండి, ఆ డబ్బుని వేరే ఖాతాలో ఉంచండి. రెండు, మూడు నెలలకోసారి ఎమ్మెల్యే, కార్పొరేటర్లు, అధికారులు డంపింగ్ యార్డు ఉన్న ఊళ్లోనే కూర్చుని లెక్క చెప్పాలి. మూడోది మన గురించి. ఎన్నికలప్పుడు పార్టీలకి చందాలిస్తాం, విమానాశ్రయానికి పూలదండలతో పరిగెడతాం. ఈసారి ఇక్కడికి వచ్చే నాయకుడిని మెరీనా బే దీపాలు చూపించి పంపేయకండి. ఒక సాయంత్రం టోవా పాయో తీసుకెళ్లి, ఆ ప్లాస్టిక్ కుర్చీల వరసలో కాసేపు కూర్చోబెట్టండి.

సింగపూర్ లాంటి రాజధాని కడతామని 2014 నుంచి వింటున్నాం. భవనాలు ఎవరైనా కడతారు. చెత్త గురించి అడిగిన ముసలమ్మకి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పడమే కష్టం. మన నాయకులు ముందు అది నేర్చుకోవాలి, వాళ్లని అడగడం మనం నేర్చుకోవాలి.